‘గూగుల్ చెయ్’ అనే అన్నలకు

కంప్యూటర్ గ్రూపుల్లో కొత్తవాళ్ళ ప్రశ్నలకు జవాబులిచ్చే అన్నలకు, అక్కలకు, అడ్మిన్ సార్లకు,

నమస్కారం. తిరుపతి బాలాజీ కాలనీలో పందొమ్మిదేళ్ళుగా జిరాక్సు, డీటీపీ, నెట్ సెంటరు నడుపుకుంటున్నవాణ్ణి. మీలో చాలామంది నన్ను చూసుండరు గానీ నేను మిమ్మల్ని రోజూ చూస్తుంటాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్ళ గ్రూపు, విండోస్ బదులు వాడే లైనక్సు గ్రూపు, ప్రింటర్ రిపేర్ల గ్రూపు, తెలుగు టైపింగ్ గ్రూపు, ఇట్లా అయిదారింటిలో ఉన్నాను. మాట్లాడేది తక్కువ, చదివేది ఎక్కువ. మీ జవాబుల పుణ్యాన మా అంగట్లో ప్రింటరు ఎన్నిసార్లు బతికి బట్టకట్టిందో లెక్కలేదు. ఆ కృతజ్ఞత ఉండబట్టే ఈ ఉత్తరం. కోపంతో రాయడం లేదని అందామనుకున్నాను గానీ, కొంచెం కోపం కూడా ఉంది. అబద్ధమెందుకు.

పోయిన నెల జరిగిన సంగతి ముందు చెప్తాను. సాయంత్రాలు మా అంగట్లో పనిచేసే పిల్ల ఒకతి ఉంది. పాకాల పక్క పల్లె. డిగ్రీ రెండో సంవత్సరం, ఇంటరు దాకా తెలుగు మీడియం. కాలేజీలో పైథాన్ పేపరు పెట్టారు. ల్యాబులో ముగ్గురికి ఒక సిస్టం. అందుకని వాళ్ళన్న పాత ల్యాప్‌టాప్ ఇస్తే దాంట్లో పైథాన్ ఎక్కించుకుంది. నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్లు రాసి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ‘పైథాన్ ఫస్ట్ డాట్ పీవై’ అని కొట్టింది. ‘పైథాన్ వాజ్ నాట్ ఫౌండ్’ అని వచ్చింది. పక్కనే మైక్రోసాఫ్ట్ స్టోర్ అని ఇంకేదో రాసుంది. గంట కిందట తన చేత్తో ఎక్కించిన పైథాన్ అసలు లేనే లేదంటోంది మిషను. తీసేసి మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ అదే మాట. రాత్రి పదింటికి ధైర్యం చేసి గ్రూపులో అడిగింది.

“హాయ్ అన్నా పైథాన్ రావడం లేదు ఏం చెయ్యాల ప్లీజ్.” ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. కింద ఫోనుతో తీసిన ఫోటో. అది ఏటవాలుగా ఉంది, ట్యూబులైటు తెర మీద పడి సగం అక్షరాలు మెరిసిపోతున్నాయి.

వచ్చిన జవాబులు, వచ్చిన వరసలోనే రాస్తున్నాను. “రావడం లేదంటే? అదేమన్నా బస్సా?” “గూగుల్ చెయ్.” “స్క్రీన్‌షాట్ తియ్యడం రానోళ్ళకు పైథాన్ ఎందుకో.” నవ్వే బొమ్మలు ఆరు. “విండోస్ పీకేసి లైనక్స్ వేసుకో, అన్నీ సెట్ అయితాయి.” చివర్లో ఒకాయన నాలుగు గంటల ఇంగ్లీషు వీడియో లింకు పెట్టి పడుకున్నాడు.

తెల్లారి చూస్తే ఆ మెసేజి లేదు. తీసేసింది. సాయంత్రం అంగట్లో కదిలిస్తే “ఏం లేదులేన్నా, నాకే తలకెక్కడం లేదు” అని స్టేప్లరు పిన్నులు సర్దుకుంటూ కూర్చుంది. ఆ ‘నాకే’ అన్న మాట దగ్గర నాకు కడుపు మండింది.

ఇంతకీ దాని జవాబెంత? పైథాన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి కిటికీలో, అన్నిటికంటే కింద ‘యాడ్ పైథాన్ టు పాత్’ అని ఒక చిన్న గడి ఉంటుంది. దాంట్లో టిక్కు ముందే పెట్టి ఉండదు, మనమే పెట్టాల. పైనున్న పెద్ద ‘ఇన్‌స్టాల్ నౌ’ మీదికి చెయ్యి పోతుంది, కిందున్న గడి ఎవరి కంటా పడదు. పాత్ అంటే, ఏదైనా పేరు కొడితే ఆ ప్రోగ్రామును ఏయే ఫోల్డర్లలో వెతకాలో విండోస్ దగ్గరుండే జాబితా. సరుకు అంగట్లోనే ఉంది, ఏ అరలో పెట్టామో పనికుర్రాడికి చెప్పలేదు, వాడు లేదు పొమ్మన్నాడు. అంతే. అప్పటికప్పుడు పని గడవాలంటే ‘పైథాన్’ బదులు ‘పీవై’ అని రెండే అక్షరాలు కొట్టి చూడమనచ్చు, చాలా మిషన్లలో నడుస్తుంది. ఇదంతా చెప్పడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. ఆ పిల్ల ప్రోగ్రాం నడిచింది. దాని ఊరి పేరు తెర మీద పదిసార్లు వచ్చింది. పదకొండోసారి కూడా రావాలని రేంజిలో అంకె మార్చింది.

‘గూగుల్ చెయ్’ అన్నారు. సరే. ఏమని చెయ్యాల? ఆ పిల్లకు లేనిది పట్టుదల కాదు, ఒక మాట. ‘పాత్’ అనే మాట. ఆ మాట తెలిసుంటే మిమ్మల్ని అడిగేదే కాదు. తప్పిపోయిన పిల్లోడి పేరు తెలియనివాణ్ణి మైకులో పిలిపించుకోమన్నట్టుంది మన సలహా. తెర మీదున్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు కొట్టి వెతికినా దొరికేది కదా అంటారు. దొరికేది, ఒప్పుకుంటాను. కానీ ఆ ఎర్రర్ వాక్యమే వెతకాల్సిన మాట అని తెలియడం కూడా ఒక విద్యే. మనకది ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో మర్చిపోయాం, అంతే తేడా.

నా మనవి మొత్తం ఇక్కడే ఉంది. కొత్తవాడు అడిగితే వాడికి కావలసిన మాటను చేతిలో పెట్టండి. ఆ తర్వాత గూగుల్ చేసుకోమన్నా బాధ లేదు. “దీన్ని పాత్ సమస్య అంటారు, విండోస్ పైథాన్ పాత్ అని వెతుకు” అనడానికి ‘గూగుల్ చెయ్’ కంటే ఏడెనిమిది మాటలు ఎక్కువ పడతాయేమో.

మన ఊరి ఆర్టీసీ బస్టాండులో ఒక పావుగంట నిలబడి చూడండి. తమిళనాడు నుంచి ఒక కుటుంబం దిగుతుంది. నెత్తిన సంచులు, చంకన పిల్లోడు. టీ అంగడాయన్ని “అలిపిరి ఎంగే?” అని అడుగుతారు. ఆయన అలిపిరికి దారి చెప్పడు. “నడిచి పోతారా, బస్సులోనా? దర్శనం టోకెన్ ఉందా?” అని తమిళంలోనే తిరిగి అడుగుతాడు. టోకెన్ అంటే ఏందో వాళ్ళకు తెలీదు. ఎదురుగా ఉన్న దేవస్థానం వసతి గృహం శ్రీనివాసం చూపించి ముందు అక్కడ కనుక్కోమంటాడు. నడిచిపోయేవాళ్ళయితే సంచులు అలిపిరిలో ఇచ్చేస్తే కొండ మీద తీసుకోవచ్చని, దానికి డబ్బు కట్టక్కర్లేదని చెప్తాడు. ఇంకొకడు వచ్చి “మెట్ల దారి యాడ?” అంటాడు. “ఏ మెట్లు సామీ? అలిపిరా, శ్రీవారి మెట్టా?” అలిపిరి నుంచయితే 3,550 మెట్లు, చంద్రగిరి పక్క శ్రీవారి మెట్టు నుంచయితే 2,388. రెండు దార్లున్నాయనే సంగతే అడిగినవాడికి తెలీదు, ఇంక వాడు ప్రశ్న సరిగ్గా ఎట్లా అడుగుతాడు?

వాడు అడిగింది ఒకటి, వాడికి కావలసింది ఇంకొకటి. మీ కంప్యూటర్ లోకంలో దీన్ని ‘ఎక్స్ వై ప్రాబ్లం’ అంటారని మీ దగ్గరే నేర్చుకున్నాను. టీ అంగడాయనకు ఆ పేరు తెలీదు గానీ పని తెలుసు. ఆయన ఎదురు ప్రశ్న వేస్తే ఎవరికీ ముఖం చిన్నబోదు. మనం గ్రూపులో వేస్తే మాత్రం పోలీసు విచారణలాగా ఉంటుంది. “అసలు నీకు అదెందుకు?” అనడానికీ, “ఏం చేద్దామని చూస్తున్నారు? చెప్తే సులువు దారేదైనా ఉందేమో చూద్దాం” అనడానికీ మధ్య ఎంతో దూరముంది. ఎదురు ప్రశ్న వెయ్యండి, తప్పకుండా వెయ్యండి. రెండో రకంగా వెయ్యండి.

బస్టాండులో అందరూ ధర్మాత్ములే అని చెప్పడం లేదు. లేని టికెట్టు ఉందని డబ్బు గుంజేవాళ్ళు కూడా అక్కడే తిరుగుతుంటారు. అయినా ఈ ఊరు బతికేదే మొదటిసారి వచ్చినవాళ్ళ మీద. అదే ప్రశ్న రోజుకు వందసార్లు వింటాం. “నిన్ననే చెప్పాను కదా” అని ఎవరితో అంటాం? నిన్న అడిగినవాడు ఈపాటికి లడ్డూ పట్టుకుని రైలెక్కుంటాడు.

మెట్ల మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. కాలినడకన కొండెక్కేవాళ్ళు దిగేవాళ్ళను “ఇంకెంత దూరం?” అని అడుగుతుంటారు. దిగేవాడు నవ్వుతూ “ఇంకొంచెమే” అంటాడు. గాలి గోపురానికి ముందూ అదే మాట, దాటినాకా అదే మాట. వాడు అబద్ధం చెప్పడం లేదు. దిగేవాడికి అది కొంచెమే. మీరు రాసే ‘సింపుల్’ అనే మాట అట్లాంటిదే. “సింపుల్, జస్ట్ పాత్ సెట్ చెయ్ బ్రో.” రెండు గంటలు తల బాదుకున్నవాడికి ఆ ‘సింపుల్’ వినబడేది ఇంకో రకంగా. అది తీసేసి మిగతా వాక్యం అట్లాగే ఉంచినా జవాబుకు ఏ లోటూ రాదు.

మిమ్మల్నే అంటే న్యాయం కాదు. నా తప్పు కూడా చెప్తాను. మూడేళ్ళ కిందట ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. తన పద్యాలు, వ్యాసాలు అన్నీ ఎప్పుడో చిత్తూరులో ఒక డీటీపీ ఆయన దగ్గర అను అనే పాతకాలం తెలుగు ఫాంట్లలో టైపు చేయించుకున్నాడు. మనవడి కంప్యూటర్లో తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు, కొక్కేలు. “బాబూ, వైరస్ తినేసిందేమో చూడు” అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. అంగట్లో జనం. సెమిస్టరు రికార్డుల సీజను. నేను తల ఎత్తకుండా “వైరసూ లేదు, పాడూ లేదు. ఫాంట్ సార్ అది. ఆ మాత్రం తెలీదా?” అన్నాను. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. మాస్టారు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, “తెలీకనే అడిగాను నాయనా” అని వెళ్ళిపోయాడు.

నేను చెప్పింది తప్పా? కాదు. ఫాంటే అది. కానీ నా జవాబులో ఆయనకు అందింది ఏమీ లేదు. ఫాంట్ అంటే ఏందో తెలిస్తే వైరస్ అనడు కదా. చెప్పాల్సింది ఇది: “మీ పద్యాలు ఎక్కడికీ పోలేదు సార్, ఒక్క అక్షరం కూడా చెడలేదు. పాతకాలం ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత నంబరు లేదు. ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీద తెలుగు బొమ్మలు తెచ్చి కూర్చోబెట్టారు. ఆ బొమ్మల ఫైలు లేని కంప్యూటరు అడుగునున్న ఇంగ్లీషునే చూపిస్తుంది. ఇప్పుడు అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ అనే పద్ధతి ఉంది, దాంట్లో తెలుగుకు సొంత చోటు ఉంది, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 గడులు. మీ ఫైలును దాంట్లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చుకుంటే ఫోన్లో కూడా చదువుకోవచ్చు.” మొదటి వాక్యం చాలు, ఆయన కూర్చునేవాడు. మిగతాది కాఫీ తాగుతూ చెప్పుండచ్చు.

ఆయన మళ్ళీ రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ కథ చివర్లో చెప్తాను.

మీ తరఫు మాట కూడా నాకు తెలుసు. మీకు జీతం లేదు. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, పడుకునే ముందు అరగంట ఇస్తున్నారు. ఆ అరగంటలో “హాయ్ సార్” అని పెట్టి మాయమయ్యేవాడొకడు. “రేపు పొద్దున సబ్మిషన్, ఫుల్ కోడ్ పంపండి” అని పీడీఎఫ్ విసిరేవాడొకడు. జవాబు చెప్పినాక పనిచేసిందో లేదో కూడా చెప్పనివాడు ఇంకొకడు. వీళ్ళను చూసి విసుగు రాకపోతే మనుషులే కాదు. నా దగ్గరికీ వస్తారు, కౌంటర్ మీద ఆధార్ కార్డు పడేసి “దర్శనం టికెట్ కొట్టు” అంటారు, తేదీ చెప్పరు, ఎంతమందో చెప్పరు.

కాబట్టి అందరికీ జవాబు చెప్పి తీరాలని నేను అనడం లేదు. ఓపిక లేనినాడు ఊరుకోండి. గ్రూపులో ఎవరూ హాజరు తీసుకోరు. మీరు మౌనంగా దాటిపోతే ఆ ప్రశ్న ఇంకొకరి కోసం అక్కడే ఉంటుంది. మీరొక ఎకసెక్కం ఆడితే మాత్రం అడిగినవాడు తీసేసుకుని పోతాడు. అదే కష్టం ఉన్న ఇంకో పదిమంది అడగకుండానే పోతారు, వాళ్ళు మన కంటికి కనబడరు. ఇంటి పని చేసిపెట్టమన్నవాడికి “చెయ్యను, నువ్వు ఎంతదాకా చేశావో పెట్టు, ఎక్కడ ఆగిందో చూద్దాం” అనండి. అది మర్యాదే, గట్టి మర్యాద.

పిలుపు సంగతి. ఇది ఇంగ్లీషువాళ్ళకు లేని తలనొప్పి. ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యూ’. మనకు నువ్వు, మీరు, తమరు ఉన్నాయి. ప్రొఫైల్లో క్రికెటరు బొమ్మ చూసి మీరు “రేయ్ తమ్ముడూ, బేసిక్స్ నేర్చుకుని రా” అన్నది ఎవర్నో తెలుసా? పుత్తూరు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పే యాభైయారేళ్ళ సార్‌ని. మనవడు పెట్టిన బొమ్మ అది. ఆయన ఎక్సెల్‌లో మార్కుల జాబితా గురించి అడిగాడు. తెలియనివాళ్ళను ‘మీరు’ అంటే పోయేదేముంది? చిన్నవాడని తెలిశాక ‘నువ్వు’లోకి దిగితే అది చనువు. మొదటే దిగితే చులకన. ‘బ్రో’ సంగతి నేను ఎత్తను, దానికి ఆడా మగా చిన్నా పెద్దా ఏమీ లేవు, ఒకరకంగా అదే నయం.

ఇక అసలు కోపమొచ్చే విషయం. మా అంగడి పిల్ల ఆ మెసేజి తీసేసింది నవ్వినందుకొక్కటే కాదని తర్వాత తెలిసింది. ఆ రాత్రి గ్రూపులో జవాబు చెప్పనివాళ్ళు నలుగురు ఇన్‌బాక్సులోకి వచ్చారు. “హాయ్, ఏ కాలేజ్?” “నేను నేర్పిస్తా, నంబర్ పెట్టు.” “డీపీ బాగుంది.” సాయమంటే ఇదా? జవాబు తెలిస్తే పదిమంది చూసేచోట చెప్పండి. తప్పు చెప్తే ఇంకొకరు దిద్దుతారు, ఒప్పయితే రేపటివాడికి పనికొస్తుంది. అడిగినవాళ్ళు తామే కోరితే తప్ప ఇన్‌బాక్సు తలుపు తట్టకండి. అడ్మిన్లూ, ఈ ఒక్క విషయంలో మీరు మొహమాటపడొద్దు. పేరు ఆడపిల్లది కాగానే సాయం చెయ్యడానికి ఉరికొచ్చేవాణ్ణి ముందు బయటికి పంపండి.

దానికంటే ప్రమాదకరమైనవి జోకులు. కంప్యూటర్ స్లో అయిందంటే “సిస్టం 32 ఫోల్డర్ తీసెయ్, రాకెట్‌లాగా పోతుంది” అని ఒకరు, లైనక్సులో చోటు చాలడం లేదంటే ‘సూడో ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్’ కొట్టమని ఒకరు. మీకు నవ్వు. ఆ ఫోల్డర్లో విండోస్ ప్రాణం ఉందని, ఆ కమాండు అడక్కుండా అన్నీ తుడిచేస్తుందని తెలియనివాడే కదా అడిగేది. డాక్టరు ఎలుకల మందు రాసిచ్చి జోకన్నట్టుంది.

ఇంకో చిన్న మాట, కానీ దీన్ని అన్నిటికంటే ముందు చెయ్యాల. కొత్తవాళ్ళు పెట్టే ఫోటోల్లో ఏమేం కనబడుతుంటాయో ఒకసారి చూడండి. దర్శనం బుకింగ్ పేజీలో ఎర్రర్ వచ్చిందని ఒకామె పెట్టిన ఫోటోలో ఇంటిల్లిపాది ఆధార్ నంబర్లు ఉన్నాయి. ఒక కుర్రాడు పెట్టిన కోడులో డేటాబేస్ పాస్‌వర్డ్ మూడో లైన్లో కూర్చోనుంది. ఆమె ఫోటో కింద పదిహేను జవాబులు వచ్చాయి, “ముందు ఆ ఫోటో తీసెయ్యమ్మా, నంబర్లు చెరిపి మళ్ళీ పెట్టు” అని ఒక్కరూ అనలేదు. పాస్‌వర్డ్ బయటపడితే ఫోటో తీసేసినా చాలదు, మార్చుకోమని కూడా చెప్పాల.

భాష గురించి కొందరు అడ్మిన్లు ‘ఓన్లీ ఇంగ్లీష్’ అని బోర్డు పెట్టారు. గ్రూపు మీది, మీ ఇష్టం. అయితే తెలుగువాళ్ళం తెలుగువాళ్ళను తప్పుల ఇంగ్లీషులో అడగమని, ఆ తప్పులకు నవ్వడం ఏం న్యాయం? వాడు ఏ భాషలో అడిగితే దాంట్లో చెప్పండి. ఎర్రర్ వాక్యాన్ని మాత్రం ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు టైపు చేసి జవాబులో పెట్టండి, ఫోటోలో ఉన్న అక్షరాలు వెతికితే దొరకవు. ఆ పిల్ల ఫోటోలోని వాక్యాన్ని మీలో ఒకరు టైపు చేసి పెట్టుంటే, రేపు అదే ఎర్రర్ వచ్చినవాడు గ్రూపులో వెతుక్కుని, మిమ్మల్ని అడగకుండానే బయటపడేవాడు.

ఇదంతా మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. వెబ్ పుట్టకముందు యూజ్‌నెట్ అని కంప్యూటర్ల మీద నడిచే చర్చా వేదిక ఉండేది. ఏటా సెప్టెంబరులో అమెరికా కాలేజీల్లో కొత్త పిల్లలు చేరి దాంట్లోకి వచ్చిపడేవాళ్ళు, పాతవాళ్ళు నెలరోజులు విసుక్కుని పద్ధతులు నేర్పేవాళ్ళు. 1993 తర్వాత నెట్టు కంపెనీలు అందరికీ తలుపులు తెరిచేసరికి కొత్తవాళ్ళ రాక ఆగనే లేదు. దానికి ‘ముగియని సెప్టెంబరు’ అని పేరు పడింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ప్రశ్నలడిగే సైటు, 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో, మీ అందరికీ అన్నం పెట్టిన చెయ్యే. కొత్తవాళ్ళకు అక్కడ ఆదరణ లేదని 2018లో ఆ సంస్థే బహిరంగంగా ఒప్పుకుని, ప్రవర్తనా నియమాలు తిరగరాసి, కొత్తగా అడిగేవాళ్ళ పేరు దగ్గర చెయ్యి ఊపే బొమ్మ పెట్టింది, చూసి మాట్లాడమని. వికీపీడియాలో అయితే కొత్తవాళ్ళను కరవొద్దని ఒక మార్గదర్శకమే ఉంది. ‘కరవొద్దు’ అనే మాటే వాడారు. 2003లో పుట్టిన తెలుగు వికీపీడియా తన చర్చల చోటుకు రచ్చబండ అని పేరు పెట్టుకుంది. నాకా పేరంటే ఇష్టం. రచ్చబండ మీద కూర్చున్నవాణ్ణి ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాడు ఏదైనా అడగచ్చు, ముందు ఊరి చరిత్ర చదువుకుని రమ్మనరు.

ఈమధ్య మా అంగడికొచ్చే పిల్లలు మిమ్మల్ని అడగడం తగ్గించారు, గమనించారో లేదో. చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. ఎందుకని అడిగాను. “అది తిట్టదన్నా” అన్నాడొకడు. అది కరెక్టుగా చెప్తుందనో, తొందరగా చెప్తుందనో అనలేదు చూడండి. అది తప్పు చెప్పేటప్పుడు కూడా అదే మర్యాదతో, అదే ధీమాతో చెప్తుంది. అది చెప్పిన తప్పును పట్టుకోవాలంటే మీలాంటివాళ్ళే కావాల. పైథాన్‌లో వాడుకునే రెడీమేడ్ కోడును లైబ్రరీ అంటారు కదా, అట్లాంటి లేని లైబ్రరీ పేరు చెప్పిందని మా పిల్ల ఒకరోజంతా దాన్ని వెతికింది. అప్పుడు కూడా గ్రూపులో అడగలేదు.

మాస్టారి కథ. ఏడాదిన్నర తర్వాత ఆయనే మా వీధిలో కనబడితే నేనే పోయి నమస్కారం పెట్టి, ఆరోజు అన్నమాట తప్పని చెప్పి, పెన్‌డ్రైవ్ అడిగాను. ఆయన పెద్దగా ఏమీ అనలేదు, “ఇంట్లో ఉంది, తెస్తాలే” అన్నాడు. తెచ్చాడు. నూట నలభై పేజీలు. ఇప్పుడు ఖాళీ దొరికినప్పుడల్లా నేనూ ఆ పిల్లా కూర్చుని యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. పద్యాలు కదా, ఒక వత్తు తప్పితే గణాలు పోతాయని ఆయన పక్కనే కూర్చుని అచ్చుతప్పులు దిద్దిస్తాడు.

ఆ మార్చే పనిలోనే ఒకచోట ఆగిపోయాం. అందుకని మా ప్రశ్న కూడా ఇక్కడే పెడుతున్నాను. విండోస్ 10, అసలు ఫైలు పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ ప్రోగ్రాంది. దాంట్లోంచి టెక్స్టు కాపీ చేసి ఆన్‌లైన్ కన్వర్టరులో వేస్తున్నాం. మామూలు అక్షరాలన్నీ బాగా వస్తున్నాయి. ర వత్తు ఉన్నచోట మాత్రం, అన్నిచోట్లా కాదు, కొన్నిచోట్లే, అది పక్క అక్షరానికి పోయి అతుక్కుంటోంది. ‘చక్రము’లో వత్తు ‘క’కు కాకుండా ‘మ’కు పడుతోంది. రెండు కన్వర్టర్లు మార్చి చూశాం, రెండింటిలోనూ అంతే. ఫైండ్ రీప్లేస్‌తో దిద్దుదామంటే సరిగ్గా వచ్చినవి కూడా చెడుతున్నాయి. దీనికేదో పేరుండే ఉంటుంది. ఆ పేరు తెలిసినవాళ్ళు చెప్తే మిగతాది మేం వెతుక్కుంటాం. గ్రూపులోనే చెప్పండి, ఆ పిల్ల చూస్తుంటుంది.

ఇట్లు,
బాలాజీ కాలనీ జిరాక్సు అంగడివాడు,
తిరుపతి